కాలువకు అటుపక్క ఆవాలు

మా యారాలు పోయింది. నా కోసుగడ్డలు ఆమె కోసుగడ్డల కంటే గట్టిపడిన ఏడే చూసుకుని పోయింది. చదివేవాళ్ళు నన్ను ఏమనుకున్నా సరే, కబురు విన్నప్పుడు నాకు మొదట తోచిన మాట ఇదే. అందుకే ఇక్కడా ఇదే ముందు రాస్తున్నాను.

యారాలంటే మా చింతామణి వైపు తోడికోడలు, కోసుగడ్డంటే క్యాబేజీ. మా ఆయనకు అన్నగారి భార్య. ఆయాసం ఎక్కువై చిక్కబళ్ళాపురంలో కూతురింటికి వెళ్ళింది. అక్కడే తెల్లవారుజామున పోయిందని మొదటి బస్సుకు కబురు వచ్చింది. నేనప్పుడు పెరట్లో, మంచు ఆరకముందే, కోసుగడ్డల మీద బూడిద చల్లుతున్నాను. మా ఆయన పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నిలబడిన తీరుకే నా చేయి ఆగింది.

"వదిన పోయిందంట," అన్నాడు.

"అదెట్ల పోతాది? వచ్చి చూస్తానని చెప్పి పోయింది గదా!"

"ఏం చూస్తానన్యా?"

బూడిద చేత్తోనే కోసుగడ్డల వైపు చూపించాను. ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు, భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వదిన కోసం ఏడ్చాడో, ఇలాంటి పెళ్ళాం దొరికినందుకు ఏడ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె పుట్టిల్లు గుడిబండె. నాది బాగేపల్లి దగ్గర ఒక పల్లె. నేను కోడలిగా గడప దాటి లోపలికి వచ్చేసరికి ఆ ఇంట్లో ప్రతి వస్తువుకూ ఆమె చేయి అలవాటైపోయింది. ఆవు ఆమె గొంతు వింటేనే పాలు చేపేది. నేను చెంబు పట్టుకుని పక్కన కూర్చుంటే తోకతో ముఖం మీద కొట్టేది. రోకలి ఆమె ఎత్తుకు సరిపోయింది, నాకు భుజాల దాకా వచ్చేది. పొయ్యి దగ్గర ఉప్పు ఎక్కడుందో చూపించడానికి కూడా ఆమే కావాలి. వచ్చిన మొదటి వారంలోనే నాకు ఆమె మీద కడుపుమంట పుట్టింది. అది చల్లారిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. ఇంటికి నడిమధ్య గోడ పెట్టారు గానీ పెరటికి పెట్టలేదు. బావి ఒక్కటే, నీళ్ళు పారే కాలువా ఒక్కటే. ఆ కాలువకు ఇటు నా మడి, అటు ఆమె మడి. ఒక్క అంగ వేస్తే దాటేంత కాలువ అది.

చలికాలం వస్తే ఇద్దరం కోసుగడ్డ నారు తెచ్చేవాళ్ళం. చింతామణి సంతలో ఒకే మనిషి దగ్గర, ఒకే కట్ట, సగం ఆమెకు, సగం నాకు. నేల ఒకటే, నీళ్ళు ఒకటే, ఎరువు ఒకే దిబ్బ నుంచి. అయినా ఆమె కోసుగడ్డలు రాతిగుండ్లలా కూర్చునేవి. నావి మాత్రం జల్లెడలయ్యేవి. ఆకు వెనక చూస్తే సన్నని పచ్చ పురుగు. వేలితో తాకితే మెలికలు తిరుగుతూ జారి, నోటి దారం పట్టుకుని వేలాడేది. నేను అటు తిరగగానే మళ్ళీ దారం ఎక్కి వచ్చి తినేది.

ఇది వట్టి కూర సంగతైతే నేను ఊరుకునేదాన్నేమో. మా అత్త దగ్గర ఒక ఆచారం ఉండేది. ఏ ఏడైనా పెరట్లో మొదట గట్టిపడిన కోసుగడ్డను దేవుని గూట్లో పెట్టి, మరునాడు కూర చేసుకోవాలి. కోడళ్ళు వేరుపడ్డాక ఇద్దరమూ చెరొకటి తెచ్చి ఆమె ముందు పెట్టేవాళ్ళం. ఒక్కటే గూట్లోకి వెళ్ళాలి, రెండూ పట్టవు. అత్తకు అప్పటికే కళ్ళలో పొర వచ్చింది. అందుకని రెండు చేతులతో తడిమేది. పైఆకు మీద అరచేయి పెట్టి మెల్లగా జరిపేది. ఎక్కడైనా చిల్లు వేలికి తగిలితే దాన్ని పక్కకు దొర్లించేది. ప్రతి ఏడూ పక్కకు దొర్లేది నాదే. "ఇది పెద్దదాంది," అని రెండోదాన్ని గూట్లో పెట్టించేది. ఒక్క ఏడైనా ఆ చేయి నా కోసుగడ్డ మీద ఆగాలి, "ఇది చిన్నదాంది" అనాలి. నాకు ఆ రోజుల్లో ఇంకో కోరిక ఉన్నట్టు గుర్తు లేదు.

అందుకని ఆమెను కాపలా కాశాను. మా ఆయన నన్ను చూసి, "కోళ్ళకి దొంగనక్క కాసినట్ల కాస్తాండావు గదే," అని ఆటపట్టించేవాడు. పొద్దున్నే చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఆమె మడిలోకి దిగేది. పొయ్యి బూడిదను గుడ్డలో మూటగట్టి, ఆకు మీద మంచు ఉండగానే మూటను తట్టేది. నేనూ మూట గట్టాను. పురుగుల్ని ఏరి ఆముదం ఆకులో వేసి కోళ్ళకు పెట్టేది. నేనూ కోళ్ళను మేపాను. పొగాకు కాడలు నానబెట్టిన నీళ్ళు చిలకరించేది. నేను ఇంకా చిక్కగా కాచి చిలకరించి, ఆ వాసనకు తల తిరిగి పూటంతా పడుకున్నాను. ఆమె పురుగుతో మాట్లాడేది కూడా. "నీ కడుపు నిండింది గదా, ఇంక పో నాయనా," అనేది. నేను మాట్లాడటమంటూ చేస్తే తిట్టడమే చేశాను. అదే తేడా అయ్యుంటుందని కొన్నాళ్ళు అనుకున్నాను.

ఒక ఏడు మా ఆయన్ను పోరి టౌను నుంచి తెల్ల పొడి తెప్పించాను. సాయంత్రం చల్లితే పొద్దుటికి పురుగులు కింద రాలి ఉన్నాయి. నాకు పండగే పండగ. అటు చూస్తూ, వినపడేట్టు, "ఇప్పుడు రమ్మను పురుగుల్ని!" అన్నాను. ఆమె బూడిద మూట తట్టుకుంటూ, "అత్తకు చెప్పినావా?" అని మాత్రం అంది.

అప్పట్లో మా ఊళ్ళో చాలా ఇళ్ళలో మాదిరే మా అత్త కూడా పట్టుపురుగులు సాకేది. వెదురు తట్టల్లో మల్బరీ ఆకు కోసి వేసి, పసిపిల్లల్లా చూసుకునేది. ఆ రోజు పురుగులు జ్వరంలో ఉన్నాయి. పొర విడిచే ముందు మేత మాని, తలెత్తి కదలకుండా ఉంటాయి. దాన్నే మా వైపు జ్వరమంటారు. నేను గడప దగ్గరికి వెళ్ళానో లేదో అత్త ముక్కు ఎగబీల్చింది.

"నిలబడాడ! ఏం పూసుకోనొచ్చినావు చేతికి?"

"కోసుగడ్డలకి మందు చల్లినానత్తా."

"అయ్యో నీ తెలివి తెల్లారా! ఇంట్లో పురుగులుండంగా పురుగుల మందు తెస్తావా? ఆ చేత్తో ఈ తట్ట ముట్టుకుంటే ఇల్లంతా వల్లకాడవుతాది. పో, బావి కాడ చీరతో సహా తడుపుకోనిరా!"

బావి దగ్గర నేను నీళ్ళు పోసుకుంటుంటే చేద లాగింది మా యారాలే. ఒక్క మాట అనలేదు. పెదవులు మాత్రం బిగబట్టుకుంది. అనకపోవడం ఇంకా మండింది నాకు. ఆ ఏడు నా కోసుగడ్డల్ని ముట్టుకునే దిక్కు లేదు. అన్నిటినీ గుంత తీసి పూడ్చాము.

ఆ వారంలోనే, పురుగులు జ్వరం విడిచి మేతకు లేచాక, మా యారాలు తట్టల్లో ఆకు వేస్తూ ఒక మాట చెప్పింది. "ఒక పురుక్కి ఆకు కోసి పెట్టి సాకుతాండాము. ఇంకో పురుగు ఆకు తింటే సంపాలంటాము. అదేం చేసింది పాపం, దాని నోట్లో పట్టు లేదు, అంతే గదమ్మే." నాకు అప్పుడది నన్ను దెప్పడానికి అన్నట్టే వినపడింది. సగం దెప్పడమే అయ్యుంటుంది. కానీ ఆమె పద్ధతంతా ఆ మాటలోనే ఉందని చాలా కాలానికి గానీ నాకు తెలియలేదు.

తెలిసిన తీరు కూడా సిగ్గుచేటే, నవ్వుకోవాల్సిందే.

ఆమె మడిలో కాలువ గట్టు వెంబడీ, కోసుగడ్డ వరసల మధ్యనా ఆవాలు మొలిచేవి. ఎప్పుడూ చూసేదాన్ని. తాళింపు గింజలకు కూడా అంగడికి పోదు, ఎంత పిసినారితనమో అనుకునేదాన్ని. ఒక ఏడు దానికీ ఓర్వలేక నేనూ ఆవాలు చల్లాను. ఆమె ఒక వరస వేస్తే నేను గుబురుగా, కాలు పెట్టే సందు లేకుండా వేశాను. లేత ఆకు నవనవలాడుతూ వచ్చింది. అలాంటి ఆకు కంటపడితే మా వైపు ఆడది ఊరుకోదు. దొరికిన ఆకులన్నీ కలిపి వండటం మాకు ఇష్టం, దాన్ని బెరకాకు అంటాం. తోటకూర, దొగ్గలి, పప్పుకూర, గట్టున మొలిచిన నానా రకాలు ఒళ్ళో వేసుకుని వస్తాం. నేను ఆవాకునంతా మొదలుకంటా గిల్లి, మిగతావాటితో కలిపి ఉడకేశాను. వంచిన నీళ్ళతో చారు లాంటి మా సారు కాచాను.

వంట మాత్రం నాకు చేతనవును. ఆ ఒక్క విషయంలో అత్త ఎప్పుడూ నన్నే అడిగేది. గూట్లోకి వెళ్ళేది ఆమె కోసుగడ్డే అయినా, మరునాడు, "చిన్నదాని చేతికియ్యండి వండేదానికి," అనేది. అందుకే ఆ సారు గిన్నె నిండా పోసి, కాస్త గర్వంగానే కాలువ దాటించాను. వంటలు ఇచ్చిపుచ్చుకోవడం మా మధ్య ఎప్పుడూ ఆగలేదు. ఎంత కోపమున్నా గిన్నె వెళ్ళేది, ఖాళీగా తిరిగి వచ్చేది కాదు.

ఆమె గట్టు మీదే కూర్చుని తాగింది. గిన్నె వంచి అడుగు దాకా నాకింది.

"ఏమేమి ఆకులేసినావమ్మే ఇందులో?"

నేను ఒక్కొక్కటే చెప్పాను. చివర, "అట్లే మన ఆవాకు," అన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టింది. నా మడి వైపు చూసింది. బోడి గట్టు. ఒక్క ఆవ మొక్క లేదు. కోసుగడ్డలు మాత్రం నిలబడి ఉన్నాయి. మొదట పెదవి కొరుక్కుంది. తర్వాత ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కాలువలోకి జారి కాళ్ళు తడుపుకుంది.

"పురుగులకేసిన పంక్తిని లేపి నువ్వు తినేసినావు గదే! ఇప్పుడవి యాడికి పోతాయి? నీ కోసుగడ్డ మీదికే గదా!"

"పురుగుల పంక్తి ఏంది?"

"పెండ్లిలో పెండ్లివారికి వంట చేస్తాము. దావన పొయ్యేవాళ్ళూ వస్తారు, వాళ్ళను తరమలేము గదా. పక్కన ఇంకో పంక్తి ఏస్తాము. దానికి కోసుగడ్డ కంటే ఆవాకు శానా ఇష్టమమ్మే. ఆ రెక్కల పురుగు వచ్చి ముందు దాని మీదే గుడ్డు పెడతాది. ఆడ తిననీ. ఎవరి పంక్తి వాళ్ళకెయ్యాల. ఆవాకు పురుక్కి, కోసుగడ్డ మనకి. పురుగు తినంగా గింజ మిగిలితే తాళింపుకి."

"ఇన్నేళ్ళు చెప్పకుంటే ఎట్లక్కా?"

"నువ్వడిగినావా?"

నేను అడగలేదు. నిజమే. కాలువకు ఇటు నుంచి తొంగి చూస్తానే గానీ నోరు తెరిచి అడగను. అడిగితే ఓడిపోయినట్టు కదా. ఆమె ఖాళీ గిన్నె తీసుకుని చేతిలో తిప్పింది. తర్వాత, చూపు గిన్నె మీదే ఉంచి, "సరే, నేనే అడుగుతాండా. ఈ సారుకి ఈ వాసన యాడనుంచి వస్తాది?" అంది. ఎర్రగడ్డను, అదే ఉల్లిగడ్డను, నిప్పుల్లో కాల్చి, పొట్టు తీసి, కొబ్బరితో కలిపి నూరతానని చెప్పాను. ఆమె మరునాడే చేసి చూసింది. గిన్నె పట్టుకుని వచ్చి, "రాలేదు పో. నీ చెయ్యి కోసి పెట్టుకోవాల్సిందే," అని విసురుగా వెళ్ళిపోయింది. ఆ విసురు చూసి ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

మర్మం తెలిసిన తర్వాత నేను గెలిచి ఉండాలి. గెలవలేదు. ఎందుకంటే ఆవాలు వేయగలిగాను గానీ, అవి తినబడుతుంటే చూడలేకపోయాను. నా మడిలో, నేను నీళ్ళు పోసిన మొక్క, కళ్ళ ముందే ఈనెలు మిగిలేలా అయిపోతుంటే చేయి ఊరుకునేది కాదు. పీకేసేదాన్ని. లేకపోతే దాని మీదా బూడిద కొట్టేదాన్ని. ఆమె మాత్రం తన ఆవాలు అస్థిపంజరాలైనా అటు చూడదు. మొదటిది అయిపోయే వేళకు పక్కనే ఇంకో విడత చల్లేది. "పిలిచి ఆకేసినాక లెక్క చూడగూడదు," అనేది. ఆమె ఇంటికి వచ్చిన మనుషుల సంగతీ అంతే. గాజులమ్మేవాళ్ళు, పాల లెక్కకు వచ్చినవాళ్ళు, దారి తప్పినవాళ్ళు, అందరూ ఆమె అరుగు మీదే. నా అరుగు కడిగినది కడిగినట్టే ఉండేది.

అత్త ఉన్న చివరి చలికాలం. ఆ ఏడు ఎలాగో చేయి కట్టుకుని కూర్చున్నాను. ఒక్కటంటే ఒక్క గడ్డ చిల్లు లేకుండా నిలిచింది. దాన్ని చీర కొంగులో చంటిబిడ్డలా తీసుకెళ్ళి అత్త ముందు పెట్టాను. ఆమె తనది తెచ్చి పక్కన పెట్టింది. అత్త చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఆమెదాన్ని తడిమింది. నాదాన్ని తడిమింది. మళ్ళీ నాదాన్నే తడిమింది. దాని మీద చేయి ఆపింది.

"ఇదే. ఇది పెద్దదాంది," అంది అత్త.

మా యారాలు వెంటనే, "కాదత్తా, అది చిన్నదాంది. నాది పక్కది," అంది.

అత్త నవ్వింది. "నీ మంచితనం పాడుగాను! చిన్నది బాధపడతాదని అట్లంటాండావు. నా చేతికి తెలీదా?"

"నిజంగానే అత్తా, ఒట్టు!"

"సరేలేమ్మా, పెట్టు గూట్లో."

నా కోసుగడ్డ గూట్లోకి వెళ్ళింది. పేరు ఆమెకు వెళ్ళింది. పైగా మంచితనం ఒకటి అదనం. ఆమె నా వైపు చూసి చేతులు తిప్పింది, నేనేం చేసేదని. ఆమె తప్పు పిసరంత లేదు. అదే నాకు పట్టరాలేదు. తప్పుంటే పోట్లాడి తేల్చుకునేదాన్ని. అత్త ఆ వేసవిలోనే పోయింది. చేయి సరిదిద్దుకోవడానికి ఆమెకు ఇంకో చలికాలం దొరకలేదు.

ఆ తర్వాత తీర్పు చెప్పడానికి ఇంక ఎవరున్నారు? ఈమే. ప్రతి చలికాలం ఆమె కాలువ గట్టున నిలబడి నా మడి వైపు చూసేది. నేను పని ఉన్నట్టు వంగి, చెవులు మాత్రం అక్కడే పెట్టేదాన్ని. "ఊఁ," అనేది. అంతే. ఆ ఊఁ ఎన్ని రకాలుగా అనేదో, ఒక్కోదానికి అర్థం ఏమిటో నాకు బాగా తెలుసు. కానీ "నా దానికంటే బాగుండాది" అనే ఊఁ మాత్రం ఎన్నడూ రాలేదు.

ఈ ఏడు వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఆవాలు రెండు విడతలుగా వేశాను. పురుగులు తింటుంటే ముఖం తిప్పుకున్నాను. మనసు ఆగనప్పుడు ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. నా గడ్డలు నున్నగా ముడుచుకుంటున్నాయి. ఆమె కూడా వేసింది, ఆయాసపడుతూనే. చిక్కబళ్ళాపురం వెళ్ళే రోజు కూతురు బస్సుకు తొందర పెడుతుంటే, చేతికర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చింది. గట్టున నిలబడి చాలాసేపు చూసింది. నేను వంగలేదు. ఈసారి ఎదురుగానే నిలబడ్డాను.

"ఎట్లుండాయక్కా?"

అడిగాను. నోరు తెరిచి, మొదటిసారి.

ఆమె చటుక్కున తలెత్తి నన్ను చూసింది. కళ్ళల్లో నవ్వు. "ఇంకా గట్టిపడల్యా. ఇప్పుడే చెప్తే ఎట్ల? తిరుక్కోనొచ్చి చూసి చెప్తాలే."

అలా చెప్పి వెళ్ళింది.

ఆమెను ఊరికి తెచ్చిన రోజు ఇల్లు పట్టలేదు. గుడిబండె నుంచి ఆమె పుట్టింటివాళ్ళు, బట్లహళ్ళి నుంచి చుట్టాలు, ఎవరెవరో తెలియనివాళ్ళు. ప్రతివాళ్ళూ, "మా అమ్మ మాదిరి చూసింది," అని ఏడ్చారు. నేను తల దగ్గర కూర్చుని వింటున్నాను. ఎంతమందికి అమ్మయ్యిందో ఈ మనిషి. నాకు మాత్రం యారాలే. నేను ఏడ్చాను, కానీ వాళ్ళు ఏడుస్తుంటే నాకు కోపం వచ్చింది. మీకు ఈమె సంగతి ఏం తెలుసు? ఈమె పొద్దున్నే ఏ కాలు ముందు పెట్టి మడిలోకి దిగేదో మీలో ఎవరికైనా తెలుసా?

మురుగమల్ల నుంచి గాజులామె కూడా వచ్చింది. దర్గా దగ్గర అంగడి పెట్టుకుని, పండగలకు మా ఊళ్ళు తిరిగే మనిషి. నా పక్కన కూర్చుని, కళ్ళు తుడుచుకుని చెప్పింది.

"మా ఇంటెనకాల కోసుగడ్డలు నిలిచినాయంటే ఈ పెద్దమ్మ వల్లే చిన్నమ్మా. ఎన్నేండ్ల కిందనో చెప్పింది, పక్కన ఆవాలు చల్లు, పురుగు అటు పోతాదని."

నా ఏడుపు ఆగిపోయింది. "ఎన్నేండ్ల కింద?"

"మీ అత్తమ్మ తట్టల్లో పట్టుపురుగులు సాకుతాండిన దినాల్లో."

అంటే నాకు చెప్పడానికి ఎంతో ముందు. గాజులామెకు చెప్పింది. తన చెల్లెలికి చెప్పింది, బట్లహళ్ళి చుట్టాలకు చెప్పింది. అడిగి చూస్తే ఆ ఇంటినిండా ఆవాల సంగతి తెలియనివాళ్ళే లేరు. గోడ పక్కనున్న నాకు తప్ప.

"నాకు మాత్రం చెప్పలేదు," అన్నాను. శవం పక్కన కూర్చుని అనాల్సిన మాట కాదు.

గాజులామె చిన్నగా నవ్వింది. "అడిగినా నేను. మీ యారాలికి చెప్పినావా అని. 'దానికి చెప్పను పో. చెప్తే నా మడి కల్లా తొంగి చూసేది మానేస్తాది. పొద్దున్నే లేస్తానే అది చూస్తాండాదని తెలిస్తేనే నాకు పని సాగుతాది' అంటాండె."

ఆ మాట కూడా నాతో అనలేదు చూడండి. దాన్ని కూడా గాజులామె చేతే చెప్పించింది. ఇంతకాలం ఆ మాట ఈ గాజులామె దగ్గర ఉండింది, నా దగ్గర లేదు. నేను లేచి పెరట్లోకి వెళ్ళి బావి గట్టు మీద కూర్చుని, ఎవరూ లేకుండా, నా ఏడుపు నేను ఏడ్చాను.

దినాల రోజు ఆకు వేసి, ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించాలి. కోసుగడ్డ తాళింపు లేకుండా ఎలా? ఆమె కూతురు నా దగ్గరికి వచ్చింది. "చిన్నమ్మా, నువ్వే వండల్ల. అమ్మ ఎప్పుడూ నీ వంటే బాగుంటాదనేది, నీ ముందర అనేది కాదు గానీ. ఏ కోసుగడ్డ కోస్తావో నీ ఇష్టం. మీదో, మాదో."

నా మడిలోంచి ఒకటి కోశాను. కాలువ దాటి ఆమె మడిలోంచి ఒకటి కోశాను. ఇన్ని రోజులుగా ఎవరూ బూడిద తట్టలేదు, పురుగు ఏరలేదు. అయినా లోపలి గడ్డ గట్టిగానే ఉంది. రెండింటినీ వంటింట్లో నేల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాను. అత్త చేసినట్టే అరచేయి పెట్టి మెల్లగా జరిపాను. ఎటుది ఎవరిదో తెలియకుండా ముందు అటూ ఇటూ దొర్లించాను. ఒకదాని పైఆకు మీద వేలికి చిల్లు తగిలింది. రెండోది నున్నగా, చల్లగా, ఎక్కడా ఆపకుండా చేతిని జరగనిచ్చింది. దాని మీద చేయి ఆపి కళ్ళు తెరిచాను.

నాదే.

వంటింట్లో ఎవరూ లేరు. అందరూ ముందువైపు ఆమె చుట్టాలతో, ఆమె మాటలతో ఉన్నారు. "అక్కా, ఇది చిన్నదాంది," అని నేనే పైకి అన్నాను. నా గొంతు నాకే బాగాలేదు. రెండింటినీ కలిపి తరిగాను. ఆమె డబ్బాలోంచి ఆమె ఆవాలే తీసి తాళింపులో వేశాను. చిటపటలాడాయి. కూర బాగా కుదిరిందని అందరూ అన్నారు. ఆకులో వడ్డించింది మాత్రం ఎవరు తిన్నారో చెప్పేవాళ్ళు లేరు.

సందెవేళ గిన్నెలు కడగడానికి పెరట్లోకి వచ్చాను. ఆమె మడిలో ఆవాలను పట్టించుకునేవాళ్ళు లేక అవి నడుమెత్తు పెరిగాయి. కింద ఆకులన్నీ ఈనెలు, పైన పసుపుపచ్చ పూలు. వెలుతురు తగ్గేకొద్దీ, బియ్యపు గింజంత బూడిదరంగు రెక్కల పురుగులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ ఆవాల మీద లేస్తున్నాయి, వాలుతున్నాయి. గుంపులు గుంపులుగా. ఉదయం ఆ ఇంటికి మనుషులు వచ్చినట్టే.

నా వైపు తిరిగి చూశాను. కోసుగడ్డలు వరసగా, నున్నగా, ఒక్క చిల్లు లేకుండా కూర్చున్నాయి. ఒక్క పురుగూ రాలేదు. వీటి కోసమే కదా ఇన్నేళ్ళు చచ్చాను. గిన్నె చేతిలో పట్టుకుని నిలబడితే, కొత్తగా కాపురానికి వచ్చిన నాడు మండినట్టే కడుపు మండింది.

"అన్నీ నీ తట్టుకేనా అక్కా?" అన్నాను. "ఒక్కదాన్నన్నా ఇటు తోలరాదా."